బడి నాటకంలో బ్రూటస్‌గా ఆడపిల్ల: పాత్రనూ మార్చాలా, నటులు మారితే చాలా?

యవనిక

అందరికీ నమస్కారం. బడిలో పాఠాలతో పాటు నాటకాలు కూడా చేయిస్తుంటాను. ఈసారి షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'ని తెలుగులో వేయిద్దామని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పిలిచాం. వచ్చినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. నాటకంలో చూస్తే పేరున్న స్త్రీ పాత్రలు రెండే: సీజర్ భార్య కల్పూర్నియా, బ్రూటస్ భార్య పోర్షియా. ఇద్దరూ కలిసి నాలుగు రంగాల్లో కనిపిస్తారు, అంతే. మిగతా కుట్ర, హత్య, ఉపన్యాసాలు, యుద్ధం అన్నీ మగవాళ్లవే.

పాత్రలకు పిల్లల్ని ఎంచుకునే రోజు బ్రూటస్ మాటలు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి చదివింది. సీజర్‌ని చంపాక జనం ముందుకొచ్చి, సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపానని చెప్పే ఘట్టం. అరవలేదు, చేతులు ఊపలేదు. ఒక్కో వాక్యం అయ్యాక ఆగి, ఎదుటివాళ్లు ఒప్పుకున్నారో లేదో చూసి, తర్వాతి వాక్యంలోకి వెళ్లింది. జనంగా కూర్చోబెట్టిన పిల్లలు తెలియకుండానే తలలూపారు. ఆ పాత్ర ఆ అమ్మాయిదే. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

పోర్షియా మాటలు అందరికంటే బాగా చదివింది మాత్రం ఒక అబ్బాయి. రాత్రి నిద్ర మానుకుని తిరుగుతున్న భర్తని, నా దగ్గర ఏం దాస్తున్నావని నిలదీసే రంగం. చదవడం అవగానే వెనక వరసలో నవ్వులు. తర్వాత ఆ అబ్బాయి నా దగ్గరికొచ్చి "నాకు వేరే ఏదైనా ఇవ్వండి టీచర్" అన్నాడు.

తోటి ఉపాధ్యాయుల్లో ఒకరు బ్రూటస్‌ని స్త్రీ పాత్రగా మార్చేయమంటున్నారు. ఇంకొకరు మీసం పెట్టి మగవాడిలాగే చేయించమంటున్నారు. అసలీ నాటకం వదిలేసి ఆడపాత్రలు ఎక్కువున్నది చూసుకోమని మూడో ఆయన సలహా. ఇలాంటివి చేయించినవాళ్లు, వేసినవాళ్లు మీకు తెలిసింది చెప్పండి.

సూత్రధారి

యవనిక గారూ, మీ తోటివాళ్లు రెండు వేరు వేరు పనుల్ని ఒకటిగా మాట్లాడుతున్నారు. ముందు వాటిని విడదీసుకోండి.

మొదటిది, నటించే మనిషి మారడం. పాత్ర మగవాడే, వేసేది అమ్మాయి. 2016లో లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్‌లో నటి గ్లెండా జాక్సన్ ఎనభై ఏళ్ల వయసులో 'కింగ్ లియర్' వేశారు. లియర్ రాజుగానే ఉన్నాడు, తండ్రిగానే ఉన్నాడు. ఆమె ఆడదన్న సంగతి ప్రేక్షకుడికి తెలుసు, నాటకం లోపల ఎవరికీ తెలియదు. 1899లో సారా బెర్నార్ హామ్లెట్ వేసిందీ ఇలాగే. అంతకు చాలా ముందే, 1845లో షార్లెట్ కుష్మన్ లండన్‌లో రోమియో వేస్తే ఆమె చెల్లెలు జూలియట్ వేసింది.

రెండోది, పాత్రే మారిపోవడం. 2010లో 'ది టెంపెస్ట్' సినిమాలో ప్రాస్పెరో కాస్తా ప్రాస్పెరా అయింది, హెలెన్ మిరెన్ వేసింది. అప్పుడు తండ్రీకూతుళ్ల కథ తల్లీకూతుళ్ల కథగా మారింది. రాజ్యం ఎలా పోయిందన్న పూర్వకథ కూడా మార్చాల్సి వచ్చింది: భర్త పోయిన ఆమె మీద మంత్రగత్తె అని నింద వేసి వెళ్లగొట్టినట్టు. అంటే కొంత రచన కూడా చేయాలన్నమాట.

ఏది చేయాలో తేల్చుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను. ఆ పాత్రకు వచ్చిన కష్టం, ఆడ లేదా మగ అయినందువల్ల వచ్చిందా? ఇబ్సెన్ 'డాల్స్ హౌస్' (1879) తీసుకోండి. పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా అప్పు తెచ్చుకోలేని కాలం కాబట్టే కథానాయిక నోరా తండ్రి సంతకం తానే పెట్టింది. నోరాని మగవాడిగా మార్చారా, ఆ సంతకంతో పనే లేదు, నాటకమే లేదు. కానీ ఒక అబ్బాయి నోరాగా, స్త్రీగానే వేస్తే నాటకానికి పిసరంత నష్టం లేదు.

బ్రూటస్‌కి ఇది వర్తింపజేసి చూడండి. అతని మథనం స్నేహానికీ దేశానికీ మధ్య. అందులో మగతనం ప్రమేయం పెద్దగా లేదు. అయితే ప్రాచీన రోమ్ సెనేట్‌లో స్త్రీలు కూర్చోలేదు. బ్రూటస్‌ని స్త్రీని చేస్తే మీరు రోమ్‌ని కూడా మార్చాలి. 2012లో దర్శకురాలు ఫిలిడా లాయిడ్ మొత్తం స్త్రీలతో 'జూలియస్ సీజర్' చేసినప్పుడు కథని ఆడవాళ్ల జైల్లో పెట్టింది. ఖైదీలు ఈ నాటకం వేసుకుంటున్నట్టు. హారియెట్ వాల్టర్ బ్రూటస్. అక్కడ కూడా బ్రూటస్ పురుషుడే, వేసే ఖైదీ స్త్రీ.

నా మాట అడిగితే పాత్రను కదపకండి. పిల్లల్ని మార్చండి, చాలు.

పాతప్రేక్షకుడు

నాకు ఈ పద్ధతి మీద నమ్మకం తక్కువ. కారణాలు చెబుతాను, కోపగించుకోకండి.

పిల్లలు ఒక మహానాటకాన్ని జీవితంలో మొదటిసారి చూసేది బడిలోనే. రాసిన కవి ఎలా ఊహించాడో అలా చూడటం వాళ్ల హక్కు. పెద్దల రంగస్థలం మీద గ్లెండా జాక్సన్ లియర్ వేస్తే చూసేవాళ్లకి అంతకుముందు పది మంది లియర్లు తెలుసు, పోల్చుకుంటారు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి పోల్చుకోవడానికి ఏముంది?

రెండోది, మన దగ్గర స్త్రీ పాత్రలకి పేరుపొందిన నటుడు స్థానం నరసింహారావు గారున్నారు. ఆయన సత్యభామ గురించి తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ నడక, ఆ కంటిచూపు, చీర కట్టులో ఆ శ్రద్ధ అన్నీ జన్మంతా చేసిన సాధన. ఒక్క వార్షికోత్సవం కోసం నాలుగు వారాలు రిహార్సల్ చేసిన పిల్లల నుంచి దాన్ని ఆశించగలమా? ఆశించలేనప్పుడు మిగిలేది వేళాకోళమే. ఆ అబ్బాయికి జరిగింది అదే కదా.

ఆడపాత్రలు ఎక్కువున్న నాటకం ఎంచుకోమన్న ఆయన మాటలో తప్పేముందో నాకు అర్థం కాలేదు.

తెలుగుపంతులు

పాతప్రేక్షకుడు గారూ, "రాసిన కవి ఎలా ఊహించాడో అలా" అన్నారు. షేక్‌స్పియర్ ఊహించుకున్నది మగపిల్లలు వేసే పోర్షియానే. ఇంగ్లండ్ వృత్తి రంగస్థలం మీదికి స్త్రీలు వచ్చింది 1660లో. జూలియట్, లేడీ మాక్‌బెత్, క్లియోపాత్రా అన్నీ గొంతు మారని కుర్రాళ్ల కోసం రాసిన పాత్రలు. క్లియోపాత్రా చేత ఆయనే అనిపించాడు, రేపు రోమ్‌లో ఎవరో కీచుగొంతు కుర్రాడు నా వేషం వేస్తాడు, అది నేను చూడాలి అని. ఆ మాట అన్నదీ ఒక కుర్రాడే. గ్రీకుల సోఫోక్లీస్ నాటకాల్లో ముగ్గురు మగ నటులే ముఖాలకు తొడుగులు పెట్టుకుని అన్ని పాత్రలూ వేసేవారు. భరతుడి నాట్యశాస్త్రం కూడా పురుషుడు స్త్రీ పాత్రని, స్త్రీ పురుష పాత్రని ధరించడాన్ని పాత్రధారణలో ఒక విధంగానే లెక్కలోకి తీసుకుంది. కాబట్టి యవనిక గారి తరగతిలో పోర్షియా చదివిన అబ్బాయే మూలానికి దగ్గరగా ఉన్నాడు.

ఇక తెలుగులో చేసేవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. మన భాషలో "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" ఎవరన్నా ఒక్కటే. తేడా పడేది "వచ్చాడు", "వచ్చింది" దగ్గర. అందువల్ల బ్రూటస్‌ని స్త్రీ పాత్రగా మారిస్తే బ్రూటస్ మాటలు దాదాపు అలాగే ఉంటాయి, బ్రూటస్ గురించి మాట్లాడే ప్రతివాళ్ల మాటలూ మార్చుకోవాలి. కుట్రలో తోడైన కాషియస్, సీజర్ స్నేహితుడు ఆంటొనీ, జనం, నౌకరు, అందరివీ. రిహార్సల్‌లో తప్పు దొర్లేదీ అక్కడే: తన మాటల్లో మార్పు లేదు కాబట్టి బ్రూటస్ వేసే అమ్మాయి తడబడదు, పక్కవాళ్లు "వచ్చాడు" అనేస్తారు.

గౌరవ బహువచనం వాడితే ఈ బాధ పోతుంది కదా అంటారు. "బ్రూటస్ వచ్చారు" అంటే ఆడా మగా తేడా లేదు. కానీ ఆంటొనీ ఉపన్యాసం చూడండి. బ్రూటస్ గౌరవనీయుడు అని మళ్లీ మళ్లీ అంటూ, ఆ మాటని ప్రతిసారీ కొంచెం కొంచెంగా తిప్పి, చివరికి తిట్టుగా మార్చేస్తాడు. ఎదురుగా "గారు" అనేవాళ్లు చాటున ఏకవచనంలోకి దిగడం ఈ కుట్ర నాటకానికి ప్రాణం. అందరూ అందరినీ "వచ్చారు" అంటుంటే ఆ మెట్లన్నీ చదునైపోతాయి.

పద్యనాటకమైతే ఇంకా కష్టం. "వచ్చినాడు" తీసేసి "వచ్చినది" పెట్టండి. గురువు లఘువు గురువు లఘువు ఉన్నచోట గురువు, మూడు లఘువులు వచ్చాయి. తేటగీతిలో సూర్యగణం పడేచోట "నాడు" కూర్చుంటుంది, "నది" కూర్చోదు. ఒక్క క్రియ కోసం పాదం మొత్తం తిరగరాయాలి. పాత్రను కదపొద్దన్న సూత్రధారి గారి మాటకి నేను వ్యాకరణం వైపు నుంచి ఓటు వేస్తున్నాను.

మధురవాణి_అభిమాని

కన్యాశుల్కం మర్చిపోయారేంటండీ! కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురవుతాడు. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. బడిలో శిష్యుడి పాత్ర ఒక అమ్మాయికి ఇవ్వండి. అమ్మాయి అబ్బాయిగా, ఆ అబ్బాయి మళ్లీ అమ్మాయిగా! షేక్‌స్పియర్ రోజుల్లో 'యాజ్ యు లైక్ ఇట్'లో మగవేషంలో తిరిగే రోజలిండ్ పాత్ర వేసిన కుర్రాడికి పడిన చిక్కు ఇదే, తిరగేసి.

క్రియాన్_వేసినమ్మాయి

నేను ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. బడిలో ఉన్నప్పుడు సోఫోక్లీస్ 'ఆంటిగొనీ'లో క్రియాన్ వేశాను. తన ఆజ్ఞ మీరి అన్న శవానికి మట్టి కప్పిన ఆంటిగొనీని శిక్షించే రాజు అతను. వేసినవాళ్లు చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నా.

మా మేడమ్ మొదటి రోజే గొంతు బొంగురు చేయడానికి వీల్లేదు, కాళ్లు ఎడంగా పెట్టి నడవడానికి వీల్లేదు అన్నారు. మగవాడు ఎలా నడుస్తాడు అని కాదు, తన మాటకు ఎదురే లేదనుకునే మనిషి ఎలా నిలబడతాడో వెతుక్కోమన్నారు. వెతగ్గా నాకు రెండు దొరికాయి. ఒకటి, క్రియాన్ ఎవరి దగ్గరికీ నడిచి వెళ్లడు, అందరూ అతని దగ్గరికి రావాలి. శవానికి మట్టి కప్పారని చెప్పడానికి కాపలావాడు వచ్చినప్పుడు నేను కదలకుండా ఉండి, వాడు ఇంకో అడుగు ముందుకేసేదాకా మాట్లాడేదాన్ని కాదు. రెండోది, ఆంటిగొనీతో మాట్లాడేటప్పుడు ఆమె ముఖంలోకి చూడను. ఆమె తల మీదుగా జనాన్ని చూస్తూ మాట్లాడతాను. చివర్లో కొడుకూ భార్యా చచ్చిపోయాక మాత్రం ఎవరో ఒకరు నా కళ్లలోకి చూస్తారేమోనని వేదిక మీద ప్రతి ఒక్కరి దగ్గరికీ నేనే వెళ్తాను.

ఆ నాటకంలో క్రియాన్ ఒక ఆడదాని చేతిలో ఓడిపోయాననిపించుకోను అని పదే పదే అంటాడు. నా నోట్లోంచి ఆ మాట వచ్చినప్పుడు హాల్లో అమ్మాయిలంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. ఒక అబ్బాయి అని ఉంటే అది రోజూ వినే మాటలా వెళ్లిపోయేది. నేను అనడం వల్ల అందరూ ఆ మాటనే విన్నారు. క్రియాన్‌ని రాణిగా మార్చి ఉంటే అసలా మాటే తీసేయాల్సి వచ్చేది. అందుకే నా ఓటు కూడా పాత్రను మార్చకపోవడానికే.

పాతప్రేక్షకుడు సర్, ఆడపాత్రలు ఎక్కువున్న నాటకం వేయొచ్చు, కాదనను. కానీ పాత నాటకాల్లో రాజ్యం ఏలి, తప్పుడు నిర్ణయం తీసుకుని, దాని ఫలితం మోసే పాత్రలు చాలావరకు మగవాళ్లవే. పదిహేనేళ్ల వయసులో అంత బరువు మోసే అవకాశం నాకు ఆ వేషం వల్లే వచ్చింది.

పదోతరగతి_అమ్మ

అమ్మాయి మగవేషం వేస్తే అందరూ శభాష్ అంటారు. అబ్బాయి ఆడవేషం వేస్తే నవ్వుతారు. ఈ తేడా గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. నాకు పదో తరగతి చదివే కొడుకున్నాడు. వాడిని అలాంటి పాత్ర వేయమంటే వద్దనను, కానీ ఆ నాటకం అయిపోయాక బడి వరండాలో ఏడాదంతా పేరు పెట్టి పిలిస్తే వాడిని ఎవరు కాపాడతారు? పాత్ర మంచిదే, కవి మహానుభావుడే. మరి బెల్లు కొట్టాక?

నేపథ్యం

పదోతరగతి అమ్మ గారి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. నేను పిల్లలకి నటన నేర్పిస్తాను, నేను పాటించే పద్ధతి చెబుతాను.

అబ్బాయిని ఒక్కడినే ఆ వేషంలో నిలబెట్టకూడదు. నాటకం మొత్తంలో ఒక్క అబ్బాయే ఆడపాత్ర వేస్తుంటే చూపులన్నీ వాడి మీదే పడతాయి. కల్పూర్నియా కూడా అబ్బాయికే ఇవ్వండి. జనంలో ఆడవాళ్లుగా అబ్బాయిలు, మగవాళ్లుగా అమ్మాయిలు ఉండనివ్వండి. ఎవరు ఏ పాత్రైనా వేయొచ్చన్నది ఈ నాటకం నియమం అని మొదటి రంగంలోనే ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. తెలిసిన ఐదు నిమిషాలకి ఎవరూ దాని గురించి ఆలోచించరు.

పాత్రలు పంచకముందే అందరి చేతా అన్నీ చదివించండి. మొదటి వారం రోజూ పాత్రలు తిప్పండి. ఈరోజు పోర్షియా ఎవరో, రేపు ఎవరో. నవ్విన ఆ వెనకవరస పిల్లలు కూడా ఆ మాటలు చదవాలి. భర్త తనని పరాయిదానిలా చూస్తున్నాడని తెలిసి, నీ రహస్యంలో నాకు భాగం లేకపోతే నేను నీకు ఏమవుతాను అని అడగడం ఎంత కష్టమో వాళ్లే చదివి చూస్తే నవ్వు దానంతటదే ఆగుతుంది.

ఈ భయం కొత్తది కాదని కూడా పిల్లలకి చెప్పండి. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో పనివాళ్లు నాటకం వేసుకునేటప్పుడు ఫ్లూట్ అనే కుర్రాడికి ప్రేయసి థిస్బీ వేషం ఇస్తారు. నాకు ఆడవేషం వద్దు, గడ్డం మొలుస్తోంది అంటాడు వాడు. తొడుగు పెట్టుకుని, వీలైనంత సన్నగా మాట్లాడు, సరిపోతుంది అంటాడు ఆడించేవాడు. తీరా నాటకంలో, ప్రియుడు పిరమస్ చచ్చిపడి ఉంటే ఫ్లూట్ పలికే మాటలకి కొన్ని ప్రదర్శనల్లో ప్రేక్షకుల నవ్వు ఆగిపోయి కళ్లు చెమరుస్తాయి. అది దర్శకుడు వాడి మీద పెట్టిన నమ్మకాన్ని బట్టి ఉంటుంది.

ఆ అబ్బాయి ఇంకా వద్దంటే మాత్రం వదిలేయండి. ధైర్యం నేర్పాలన్న పేరుతో ఇష్టం లేని పిల్లవాడిని వేదికెక్కించడం నాకు సమ్మతం కాదు.

సూత్రధారి

నేపథ్యం గారి మాటకి ఒకటి కలుపుతాను. మీసాలు వద్దు. పిల్లల ముఖానికి అంటించిన మీసం మొదటి రంగంలోనే ఒక పక్క ఊడుతుంది, ఆ తర్వాత ప్రేక్షకుడు మాటలు వినడు, మీసం చూస్తాడు. ఆ జిగురు కొందరి చర్మానికి పడదు కూడా. అలాగే అబ్బాయికి గుడ్డలు కుక్కి ఆడరూపం తెప్పించడం, నడుం తిప్పించడం అసలు వద్దు. నవ్వు మొదలయ్యేది అక్కడే. 'జూలియస్ సీజర్'లో మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే అందరివీ నిలువుగా జారే పొడుగు బట్టలే. సెనేటర్లకి తెల్ల టోగాలు, పోర్షియాకి ఒక రంగు పైబట్ట. ఇంతకు మించి అక్కర్లేదు.

స్థానం వారి గురించి పాతప్రేక్షకుడు గారు చెప్పింది నిజమే, ఆ సాధన పిల్లలకి రాదు. కానీ ఆయన్ని చూడటానికి జనం నవ్వుకోవడానికి రాలేదు, సత్యభామని చూడటానికి వచ్చారు. పిల్లలకి అందించాల్సింది ఆ ఒక్కటి: వేషాన్ని గౌరవించడం.

హార్మోనియం

పద్యాలున్న నాటకం వేయించేవాళ్ల కోసం చిన్న మాట. మగగొంతు మామూలుగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో ఉంటుంది, ఆడగొంతు ఐదు, ఐదున్నర. కృష్ణుడు అమ్మాయి, అర్జునుడు అబ్బాయి అయితే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పద్యం ఎత్తుకునే రంగంలో ప్రతిసారీ శ్రుతి మారాలి. హార్మోనియం వాయించేవాళ్లకి ముందే చెప్పి, ఏ పద్యం ఏ శ్రుతో కాగితం మీద రాసి ఇవ్వండి. గొంతు మారుతున్న వయసు అబ్బాయిల చేత పైస్థాయిలో బలవంతంగా పాడించకండి, గొంతు చెడుతుంది. అమ్మాయిల చేత గొంతు అణిచి మగగొంతులా పలికించడం కూడా అంతే చేటు. గంభీరంగా వినిపించాలంటే వాక్యం చివర ఊపిరి మిగిలి ఉండాలి, నిదానంగా ముగించాలి. దానికి గొంతు మార్చాల్సిన పని లేదు.

పాతప్రేక్షకుడు

క్రియాన్ వేసినమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. తల్లీ, అందరూ తన దగ్గరికే రావాలనుకున్న రాజు చివర్లో అందరి దగ్గరికీ వెళ్లడం అన్నావే, దానికి చప్పట్లు కొడుతున్నాను. పాత్రను మార్చకుండా పిల్లల్ని మార్చడం వరకు నాకు అభ్యంతరం తగ్గింది.

కానీ ఒక్క విషయంలో పట్టు విడవను. కొందరు దీన్ని కావాలని సంచలనం కోసం చేస్తారు. గోడపత్రిక మీద "మొట్టమొదటి ఆడ హామ్లెట్" అని వేసుకుంటారు. ఆ పిల్ల మాట ఎలా పలికిందో ఎవరికీ పట్టదు, ఆడపిల్ల అన్నదే మిగులుతుంది. అలా చేసేట్టయితే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే.

ఇంకొకటి. రచయిత హక్కులు ఉన్న నాటకాలతో జాగ్రత్త. 'వెయిటింగ్ ఫర్ గోడో'ని ఆడవాళ్లు వేయడానికి రచయిత బెకెట్ ఒప్పుకోలేదు. 1988లో ఒక డచ్ నాటక బృందం మీద కోర్టుకి కూడా వెళ్లాడు. ఆ కేసు ఓడిపోయాక ఆ దేశంలో తన నాటకాలే వేయొద్దన్నాడు. షేక్‌స్పియర్‌తో, గురజాడతో ఆ బెడద లేదు. మిగతావాళ్లవైతే ముందు అనుమతి పత్రంలో ఏముందో చదవండి.

సూత్రధారి

గోడపత్రిక గురించి మీరన్నదానికి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. పేరు, పక్కన పాత్ర. అంతే ఉండాలి.

నటిగా_టీచర్‌గా

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో దారి తరఫున కొంచెం వాదిస్తాను. పాత్రను మార్చడం కూడా కొన్నిసార్లు మంచి పాఠం అవుతుంది. 2017లో లండన్ నేషనల్ థియేటర్‌లో 'ట్వెల్ఫ్త్ నైట్' చేసినప్పుడు మాల్వోలియోని మాల్వోలియాగా మార్చి టామ్సిన్ గ్రెగ్ వేసింది. యజమానురాలి మీద ప్రేమ పెంచుకుని, దొంగ ఉత్తరం నమ్మి, అందరి ముందూ అవమానపడే పాత్ర అది. ఇంటి పెత్తనం చేసే మనిషి స్త్రీ అయ్యేసరికి, అంతకుముందు నవ్వుకున్న చోటే మనం ఎందుకు నవ్వామని ఆలోచించుకోవాల్సి వస్తుంది.

బడిలో నేను దీన్ని నాటకం మొత్తానికి కాకుండా ఒక్క రంగానికి చేయిస్తాను. మాక్‌బెత్ తీసుకోండి. రాజుని చంపడానికి వెనకాడుతున్న భర్తతో, ధైర్యం చేసినప్పుడే నువ్వు మగవాడివి అంటుంది లేడీ మాక్‌బెత్. ఈ రంగాన్ని ముందు ఉన్నదున్నట్టు చేయిస్తాను. తర్వాత భార్య వెనకాడుతున్నట్టు, భర్త రెచ్చగొడుతున్నట్టు మార్చి రాసుకోమంటాను. అప్పుడు పిల్లలకి మొదటి చిక్కు వస్తుంది: "నువ్వు మగవాడివేనా" అన్న చోట ఏం పెట్టాలి? "నువ్వు ఆడదానివేనా" అని పెడితే హత్యకి రెచ్చగొట్టినట్టు ఉండదు. ఒక్కో జట్టు ఒక్కో మాట వెతుకుతుంది. "నువ్వు పిరికిదానివి" అని కొందరు, "నా మీద ప్రేమ ఇంతేనా" అని కొందరు. ఏ మాట పెట్టినా అసలు మాటకున్న పదును రాలేదని వాళ్లకే తెలుస్తుంది. మగతనం అన్న మాటని ఆ నాటకంలో కత్తిలా ఎలా వాడారో అర్థం కావడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. అది ప్రదర్శించనక్కర్లేదు, తరగతి గదిలో చేస్తే చాలు.

యవనిక

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఈ మధ్యలో పని కొంత ముందుకు సాగింది.

నేపథ్యం గారు చెప్పినట్టు మొదటి వారం అందరి చేతా అన్ని పాత్రలూ చదివించాను. వెనకవరసలో నవ్విన పిల్లవాడు పోర్షియా రెండో రంగం చదివాడు. బ్రూటస్ కుట్ర సంగతి తెలిసి, ఇంట్లో కూర్చోలేక, నౌకరుని సెనేట్‌కి పరుగెత్తమంటుంది, ఎందుకు వెళ్లాలో మాత్రం చెప్పలేకపోతుంది. వాడు సగంలో ఆగి "ఈవిడకి అన్నీ తెలుసు కానీ ఎవరికీ చెప్పకూడదు కదా టీచర్" అన్నాడు. వాడికి కల్పూర్నియా ఇచ్చాను, తీసుకున్నాడు. దాంతో మొదటి అబ్బాయి పోర్షియాకి ఒప్పుకున్నాడు. నేను బతిమాలలేదు.

పాత్రలు మార్చడం లేదు. బ్రూటస్, కాషియస్, కాస్కా అమ్మాయిలు, ఆంటొనీ అబ్బాయి. సీజర్ కూడా అమ్మాయే. పంతులు గారి మాట ప్రకారం క్రియలు ముట్టుకోలేదు, "వచ్చాడు" అలాగే ఉంది.

ఒక్క అనుమానం మిగిలింది. పోర్షియా తన నిబ్బరం నిరూపించుకోవడానికి తొడ మీద తానే గాయం చేసుకుని చూపిస్తుంది. తర్వాతి రంగంలో, మనసు మగవాడిది, బలం ఆడదానిది అని తన గురించే అనుకుంటుంది. మొదటిది ఈ వయసు పిల్లలతో ఎలా? రెండోది అబ్బాయి నోట వస్తే నవ్వుతారా?

నేపథ్యం

గాయం చూపించొద్దు, దాని వివరాలూ వద్దు. పిల్లలు చూసే నాటకంలో తనని తాను గాయపరుచుకోవడం ధైర్యానికి గుర్తుగా కనిపించకూడదు. ఆ నాలుగు వాక్యాలు తీసేసినా రంగం నిలబడుతుంది. నేను స్త్రీనే, కానీ కేటో కూతురిని, బ్రూటస్ భార్యని అన్న మాట ఉంది కదా, బ్రూటస్ కరగడానికి అది చాలు.

క్రియాన్_వేసినమ్మాయి

రెండోదాని గురించి నేను చెప్తాను మేడమ్. ఆ మాట దగ్గర ఆగొద్దని ఆ అబ్బాయికి చెప్పండి. ఆగి, ప్రేక్షకుల వైపు చూస్తే వాళ్లు నవ్వొచ్చు. సెనేట్ వైపు నుంచి ఏదైనా శబ్దం వినిపిస్తోందా అని చెవి రిక్కించి, ఆ కంగారులో గబగబా అనేయమనండి. పక్కన నౌకరు ఉన్నాడు, వాడికి వినపడకూడదు కాబట్టి గొంతు కూడా తగ్గుతుంది.

యవనిక

నౌకరు వేసే అమ్మాయిని పోర్షియాకి ఇంకో రెండడుగులు దగ్గరగా నిలబెడతాను అయితే. రేపటి రిహార్సల్‌లో చూస్తాం.